ముందు మాత్ర, వెనక మాత్ర

హెచ్ఐవీ రాకుండా ఏ మందు మంచిదని అడిగేవాళ్లను ముందుగా ఒక మాట అడగాలి: జరిగిపోయిందా, జరగబోతోందా?

నిన్న రాత్రి కండోం చిరిగినవాడికి కావాల్సిన మందు వేరు. నెలలో సగం రోజులు లారీలోనే గడిపే డ్రైవరుకు కావాల్సింది వేరు. భర్తకు పాజిటివ్, తనకు నెగెటివ్ అన్న రిపోర్టులు చేతిలో పట్టుకుని కూర్చున్న ఇల్లాలి సంగతి ఇంకోటి. ఆమెను కాపాడే మందును ముందు వేసుకోవాల్సింది ఆయన. ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకోకుండా మెడికల్ షాపు మెట్లెక్కితే డబ్బూ పోతుంది, సమయమూ పోతుంది.

ఈ అధ్యాయాన్ని పెద్దదోర్నాల మనిషిని కళ్ల ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఈ మందుల గురించి వచ్చే సలహాలన్నీ పెద్దాసుపత్రి వెనక వీధిలో కాపురముండేవాళ్ల కోసం రాసినట్టుంటాయి. దోర్నాలలో లెక్క వేరు. మార్కాపురం, శ్రీశైలం, ఆత్మకూరు, యర్రగొండపాలెం రోడ్లు కలిసే ఊరది. పగలంతా శ్రీశైలం యాత్రికుల బస్సులు, సరుకు లారీలు. పులుల అడవి కాబట్టి రాత్రి తొమ్మిది దాటాక ఘాట్‌లోకి బండ్లను వదలరు. గేటు తీసేదాకా డ్రైవర్లు ఊళ్లోనే పడుకుంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి హైదరాబాద్ బిల్డింగ్ పనులకు, గుంటూరు మిరపకోతలకు నెలల తరబడి వెళ్లిపోయే కుటుంబాలు ఎన్నో. ఊళ్లో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. మార్కాపురం ప్రభుత్వాసుపత్రికి బస్సులో గంట దారి. అక్కడి నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. మందు ఎంచుకునేటప్పుడు ఈ దూరాలు కూడా లెక్కలోకి వస్తాయి.

దోర్నాలలో ఆ జబ్బు ఎక్కువని నేను చెప్పడం లేదు. రాష్ట్రం మొత్తానికి ఉన్న లెక్క మాత్రం ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2023 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. అంటే దేశం సగటుకు మూడు రెట్లు. 2000ల మొదట్లో ఎయిడ్స్ ప్రచారం కోసం గోడల మీద, హోర్డింగుల మీద పులిరాజా అనే పాత్ర కనిపించి, అతనికి ఎయిడ్స్ వస్తుందా అని ఊరూరా అడిగి వెళ్లాడు. ఆ ప్రశ్న జనం జోకుల్లోకి కూడా ఎక్కింది. అప్పట్లో పులిరాజాకు చెప్పడానికి కండోం తప్ప మందేమీ లేదు. ఇప్పుడున్నాయి. ఒకటి కాదు, అరడజను దాకా. అందుకే ఈ అధ్యాయం.

జరిగిపోయాక

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు. ఈ ఒక్క విషయంలో 72 గంటల్లోపు పట్టుకుంటే లాభం ఉంది.

దీన్ని డాక్టర్లు పెప్ అంటారు. వైరస్ ఒంట్లోకి చేరినా, అది రక్తంలో పాతుకుపోయేలోపు మందుతో అడ్డుకోవడం దీని పని. రెండు గంటల్లోపు మొదలుపెడితే అన్నిటికన్నా మంచిది. 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు, ఇచ్చినా ప్రయోజనం ఉండదు. అందుకని మొదటిరోజు రాత్రి భయపడుతూ, రెండోరోజు స్నేహితుణ్ని అడుగుతూ, మూడోరోజు సోమవారం రానీ చూద్దాం అనుకుంటూ కూర్చోవద్దు. హెచ్ఐవీ పరీక్ష చేసి, కౌన్సిలర్ సలహా చెప్పే ఐసీటీసీ గది ఆదివారం మూసి ఉండొచ్చు, ఆసుపత్రి క్యాజువాలిటీ మూయరు. నేరుగా అక్కడికే వెళ్లండి. "సార్, నాకు హెచ్ఐవీ ఎక్స్‌పోజర్ అయింది, ఇన్ని గంటలైంది, పెప్ మొదలుపెట్టాలి" అని ఈ మూడు ముక్కలు చెప్పండి. ఎవరితో, ఎందుకు, ఎలా అన్న కథంతా గుమ్మం దగ్గర చెప్పాల్సిన పని లేదు. డాక్టరు వేరుగా అడిగినప్పుడు చెబితే చాలు. ఎన్ని గంటలైందన్నది మాత్రం అబద్ధం చెప్పకండి.

దెబ్బ తగిలిన చోట, సూది గుచ్చుకున్న చోట సబ్బూ నీళ్లతో కడగండి. పిండి రక్తం తీయకండి. డెట్టాల్, స్పిరిట్ పోయకండి. లోపలి భాగాల్లోకి నీళ్లు కొట్టి కడగడం కూడా వద్దు, లోపలి పొర గీసుకుపోతే వైరస్‌కు దారి ఇంకా తేలిక.

మన దేశంలో పెప్ కోసం ఇప్పుడు ఇచ్చేది ఒకే మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన టీఎల్‌డీ. రోజుకొకటి, 28 రోజులు. పాజిటివ్ ఉన్నవాళ్లు జీవితమంతా వేసుకునేదీ ఇదే మాత్ర. ఆ సంగతి తెలిసి కొందరు పక్కింటి పాజిటివ్ మనిషి డబ్బాలోంచి నాలుగు మాత్రలు తెచ్చుకుని మింగి ఊరుకుంటారు. అలా చేస్తే మీకు 28 రోజుల కోర్సు పూర్తికాదు, వాళ్ల నెల మందు కూడా తగ్గిపోతుంది. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా మొదటి మాత్రను ఆపరు. మాత్ర వేసేసి తర్వాత రిపోర్టు చూస్తారు. అప్పటికే పాజిటివ్ అని తేలితే 28 రోజులతో ఆపకుండా అది చికిత్సగానే సాగుతుంది.

ఈ 28 రోజుల్లో దోర్నాల ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. కారం ఎక్కువ తిని కడుపు మండితే షాపులో జెలూసిలో డైజీనో తెచ్చి తాగుతాం. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటలకు గానీ, వేసుకోవడానికి ఆరు గంటల ముందు గానీ అవి తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకూ అదే నియమం. అయితే అన్నం తింటూ కలిపి వేసుకుంటే వాటితో పేచీ లేదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. డోలుటెగ్రావిర్‌తో కలిసినప్పుడు దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. అన్నీ చిన్న చిన్న సంగతులే, వీటివల్లే మందు పనిచేయలేదని తర్వాత అనుకుంటాం.

దేనికి పెప్ అక్కర్లేదో కూడా చెప్పాలి. ముద్దుకు అక్కర్లేదు. ఒకే కంచంలో తిన్నందుకు, దోమ కుట్టినందుకు, చెక్కుచెదరని చర్మం మీద రక్తపుచుక్క పడినందుకు అక్కర్లేదు. అవతలి మనిషి హెచ్ఐవీ చికిత్స మందులు, అంటే ఏఆర్‌టీ, క్రమంగా వాడుతూ, రక్తంలో వైరస్ లెక్క (వైరల్ లోడ్) కనిపించనంత తక్కువగా ఉందని రిపోర్టు ఉంటే కూడా సాధారణంగా అక్కర్లేదు.

ఎవరికి ఉచితం? ఆసుపత్రిలో పనిచేస్తూ సూది గుచ్చుకున్న నర్సుకు, ఆయాకు, ల్యాబ్ టెక్నీషియన్‌కు పెప్ ఏర్పాటు చేయడం 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం ఆ ఆసుపత్రి బాధ్యత. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు నర్సింగ్ హోంకు కూడా వర్తిస్తుంది. అత్యాచారానికి గురైనవాళ్లకు ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. కేసు పెట్టి ఎఫ్ఐఆర్ తెస్తేనే చూస్తామనడానికి వీల్లేదు. ఇష్టపూర్వకంగా కలిసినప్పుడు కండోం చిరిగితే మాత్రం అంతా డాక్టరు నిర్ణయం. బయట కొనుక్కోమని చీటీ రాసిచ్చినా తీసుకోండి. గంటలు కరిగిపోతుంటే హక్కుల గురించి వాదించడం తర్వాత పెట్టుకోవచ్చు.

ఒక ఏడాదిలో రెండోసారి పెప్ కోసం వచ్చారంటే మీకు కావాల్సిన మందు పెప్ కాదు. 28వ రోజు మాత్ర అయ్యాక పరీక్ష చేయించుకుని, నెగెటివ్ వస్తే ఖాళీ లేకుండా ముందు మాత్రకు మారిపోవడం తెలివైన పని. దాని గురించి కాసేపట్లో.

ఇంట్లో ఒకరికి ఉంటే

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. మన ప్రాంతంలో ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే, తక్కువమందికి తెలిసిందీ ఇదే.

పాజిటివ్ ఉన్న మనిషి ఏఆర్‌టీ మందులు మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ తగ్గుతూ తగ్గుతూ పరీక్షకు అందనంతకు పడిపోతుంది. ఆ స్థితిలో శారీరక సంబంధం ద్వారా అవతలివాళ్లకు హెచ్ఐవీ సోకదు. తక్కువగా సోకుతుందని కాదు, సోకదు. 2011లో ఫలితాలు వెలువడిన హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనంలో ఒకరికి ఉండి ఒకరికి లేని 1,763 జంటలను పరిశీలించారు. తొమ్మిది దేశాల్లో జరిగిన ఆ అధ్యయనంలో మన చెన్నై, పుణె జంటలూ ఉన్నాయి. మందు ముందుగా మొదలుపెట్టిన జంటల్లో సోకడం 96 శాతం తగ్గింది. తర్వాత యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో, వైరస్ అణిగి ఉన్న జంటలు కండోం లేకుండా వేలసార్లు కలిసినా, భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు.

కాబట్టి భార్యకో భర్తకో హెచ్ఐవీ ఉన్న ఇంట్లో, నెగెటివ్ ఉన్నవాళ్లను కాపాడే మొదటి మందు పాజిటివ్ ఉన్నవాళ్ల డబ్బాలోనే ఉంది. అది ఉచితం కూడా. మన దేశంలో ప్రభుత్వం ఏఆర్‌టీని 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి రోగనిరోధక కణాల లెక్క (సీడీ4) ఎంతున్నా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు మొదలుపెడుతున్నారు. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. మీకు దగ్గరగా మందు ఎక్కడ ఇస్తారో మార్కాపురం ఐసీటీసీలో అడిగితే చెబుతారు.

దీనికి ఒక షరతు. "మందు వాడుతున్నాడు కదా" అన్న నమ్మకం చాలదు. చేతిలో వైరల్ లోడ్ రిపోర్టు ఉండాలి. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత ఏటా ఆ పరీక్ష ఉచితంగా చేస్తారు. మొదటి రిపోర్టు వచ్చేదాకా ఉన్న ఆ ఆరు నెలలే ప్రమాదం. ఆ ఆరు నెలలు కండోం వాడాలి, వీలైతే నెగెటివ్ ఉన్నవాళ్లు ముందు మాత్ర కూడా వేసుకోవాలి. కెన్యా, ఉగాండాల్లో ఇలాంటి జంటలతోనే పార్ట్‌నర్స్ ప్రెప్ అధ్యయనం జరిగింది. 2012లో ప్రచురించిన ఫలితాల్లో టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ కలిపిన మాత్ర సోకే ముప్పును 75 శాతం తగ్గించింది. పాజిటివ్ ఉన్నవాళ్ల వైరస్ అణిగాక నెగెటివ్ ఉన్నవాళ్లు ఆ మాత్ర ఆపేయవచ్చు. మాత్ర మీద మాత్ర జీవితమంతా వేసుకోనక్కర్లేదు.

అసలు ఇబ్బంది వలస దగ్గర వస్తుంది. మార్కాపురం వైపు నుంచి హైదరాబాద్ వెళ్లిన మేస్త్రీ మూడు నెలలకు గానీ ఇంటికి రాడు. మందు అయిపోతుంది. అక్కడ సెంట్రింగ్ పనిలో ఒకే గదిలో పదిమంది ఉంటారు కాబట్టి డబ్బా బయట పెట్టడు. పండక్కి ఇంటికొచ్చేసరికి మందు ఆగి నెల దాటి ఉంటుంది, వైరస్ మళ్లీ లేచి ఉంటుంది. ఆ సంగతి భార్యకు తెలియదు. నిలకడగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇచ్చే ఏర్పాటు ఉంది, వేరే ఊరి కేంద్రానికి బదిలీ చేయించుకునే ఏర్పాటూ ఉంది. కానీ రెండింటికీ నోరు తెరిచి అడగాలి. ఇంట్లోవాళ్లూ అడగాలి. "ఏమయ్యా, మందు ఎన్నాళ్లకు తెచ్చావు?" అని సంచి సర్దేటప్పుడే భార్య అడిగితే, అది నిలదీసినట్టు కాదు, ఇద్దరి ఆరోగ్యం చూసుకున్నట్టు.

పిల్లల సంగతి. వైరల్ లోడ్ అణిగి ఉంటే ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలు మామూలుగానే పిల్లల్ని కనవచ్చు. తల్లికే పాజిటివ్ అయితే, మందులేమీ లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి గర్భంతో ఉన్నప్పటి నుంచీ ఏఆర్‌టీ వాడి, పుట్టిన బిడ్డకు ఆరువారాలు నెవిరాపిన్ సిరప్ వేస్తే అది 5 శాతం లోపుకు, మంచి పర్యవేక్షణ ఉంటే ఇంకా తక్కువకు దిగుతుంది. ముప్పు ఎక్కువ అనుకుంటే డాక్టరు ఇంకో మందు కూడా కలుపుతారు. తల్లిపాల విషయంలో మాత్రం, శారీరక సంబంధంలో లాగా "కనిపించకపోతే సోకదు" అని అంత గట్టిగా చెప్పలేం. పాలు ఇస్తున్నన్నాళ్లూ తల్లి ఒక్క మాత్ర కూడా వదలకూడదు.

జరగకముందే

ఇక ముందు మాత్ర, అంటే ప్రెప్. సంబంధం జరగకముందే, హెచ్ఐవీ లేనివాళ్లు వేసుకునే మందు. దీని పేరెత్తగానే "అంటే తిరగమని లైసెన్సు ఇస్తున్నారా?" అనేవాళ్లుంటారు. ఈ పుస్తకంలో ఆ వాదనకు చోటు ఇవ్వను. హెల్మెట్ పెట్టుకున్నవాడిని వేగంగా నడపమన్నామా అని ఎవరూ అడగరు.

కావాల్సింది ఎవరికి? డబ్బు తీసుకుని సంబంధాలు పెట్టుకునే మహిళలకు, వాళ్ల దగ్గరకు వెళ్లే మగవాళ్లకు. మగవాళ్లతో కలిసే మగవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు. సూదులు పంచుకుని మత్తుమందు ఎక్కించుకునేవాళ్లకు. భాగస్వామికి ఉండి ఇంకా వైరస్ అణగనివాళ్లకు. భర్త దూరాన ఎలా ఉంటున్నాడో తెలియని, కండోం పెట్టుకోమని అడగలేని భార్యకు కూడా. ఈ చివరి మాట రాయడం తేలిక, ఆమె బతుకులో అమలు చేయడం కష్టం. అందుకే మందు ఎంపికలో దాపరికానికి కూడా ఒక మార్కు వేయాలి.

అందరికీ తెలిసింది రోజువారీ మాత్ర. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటాబిన్ 200 మిల్లీగ్రాములు. అమెరికాలో 2012 జూలైలో అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ముప్పు ఎక్కువున్న అందరికీ సిఫారసు చేసింది. చెప్పినట్టు వేసుకుంటే శారీరక సంబంధం ద్వారా సోకే ముప్పును 99 శాతం దాకా తగ్గిస్తుంది. కానీ "వేసుకుంటే" అన్న మాటే ఇక్కడ కీలకం. ఆఫ్రికాలో మహిళలతో జరిగిన కొన్ని పరీక్షల్లో మందు విఫలమైంది, రక్తం చూస్తే చాలామందిలో మందే లేదు. మన దేశంలో కోల్‌కతా సోనాగాచీలో దుర్బార్, మైసూరులో అశోదయ అనే సెక్స్ వర్కర్ల సంఘాలు ఈ మాత్రలు ఇచ్చి చూసినప్పుడు మహిళలు క్రమం తప్పకుండా వేసుకున్నారు. పక్కనున్న తోటి మహిళే వచ్చి "వేసుకున్నావా?" అని అడగడం అక్కడ పనిచేసింది. మీకు అలా అడిగే మనిషి ఎవరో ముందే చూసుకోండి.

మాత్ర ఎప్పటి నుంచి కాపాడుతుంది? మహిళలకు కనీసం ఏడు రోజులు వరుసగా వేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అమెరికా సీడీసీ 21 రోజులు అంటుంది. ఇద్దరిలో ఎవరిది సరైనదో తేల్చేకంటే మూడువారాలని లెక్కేసుకోవడమే మేలు. ఆ మూడువారాలూ కండోం. ఆపేటప్పుడు కూడా ఆఖరిసారి కలిసిన తర్వాత కనీసం వారం వేసుకుని ఆపాలి.

మగవాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. కలవబోయే రెండు గంటల నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు ఒకేసారి, మొదటి డోసుకు 24 గంటల తర్వాత ఒకటి, ఆపై 24 గంటలకు ఇంకొకటి. నెలకు ఒకటి రెండుసార్లే అవసరం పడేవాళ్లకు, ఎప్పుడు పడుతుందో ముందే తెలిసేవాళ్లకు ఇది చాలు. మహిళలకు ఇది పనికిరాదు. ఈస్ట్రోజెన్ హార్మోన్లు వాడే ట్రాన్స్ మహిళలకు వద్దు. హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు అసలే వద్దు. ఈ మాత్రల్లోని మందు ఆ వైరస్‌ను కూడా అణచి ఉంచుతుంది, వేస్తూ ఆపేస్తూ ఉంటే అది ఒక్కసారిగా లేచి కాలేయాన్ని దెబ్బతీయగలదు. ఘాట్ గేటు మూసిన రాత్రి ఏం జరుగుతుందో డ్రైవరుకే తెలియదు. అలాంటివాళ్లకు రెండు గంటల ముందు లెక్క కుదరదు, రోజువారీ మాత్రే నయం.

మన వైపు మనిషి మరీ జాగ్రత్తపడాల్సింది మూత్రపిండాల దగ్గర. కనిగిరి, మార్కాపురం ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లూ, కిడ్నీ జబ్బులూ కొత్త కబురు కాదు. టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాల పనిని తగ్గిస్తుంది. మామూలుగా ముప్పై ఏళ్లలోపు ఆరోగ్యవంతులకు, మూత్రపిండాల పనిని చూపే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పశ్చిమ ప్రకాశంలో పుట్టి, ఇక్కడి బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లు ఆ సడలింపును పట్టించుకోవద్దని నా సలహా. ఏ వయసైనా మొదట క్రియాటినిన్ చూపించుకోండి. డాక్టరు లెక్కగట్టే క్రియాటినిన్ క్లియరెన్స్ 60 కన్నా తక్కువుంటే ఈ మాత్ర వద్దు. మొదలుపెట్టాక కూడా డాక్టరు చెప్పిన గడువుల్లో మళ్లీ చూపించుకోవాలి. ఇంకో మాట. నడుంనొప్పి అని ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లి వారానికొక డైక్లోఫెనాక్ సూది వేయించుకునే అలవాటు ఉందా? టెనోఫోవిర్‌తో కలిపితే మూత్రపిండాల మీద భారం ఇంకా పెరుగుతుంది. రాళ్లపనిలో, పలకల క్వారీలో నడుం వంచి పనిచేసేవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. దాన్ని డాక్టరుకు చెప్పకుండా దాచొద్దు.

మూత్రపిండాలు కొంచెం బలహీనంగా ఉన్నవాళ్లకు టీఏఎఫ్ అని టెనోఫోవిర్‌లోనే ఇంకో రకం ఉంది. మూత్రపిండాల మీద దాని భారం తక్కువ. యోని ద్వారా జరిగే సంబంధంలో మహిళలను అది కాపాడుతుందన్న ఆధారం చాలదు, అందుకే అమెరికాలో 2019లో అనుమతిచ్చినప్పుడు ఆ వాడకాన్ని పక్కనపెట్టారు. మగవాళ్లు, ట్రాన్స్ మహిళలు డాక్టరుతో ఈ దారి మాట్లాడుకోవచ్చు.

దాపరికం దగ్గరకు వద్దాం. ముప్పై మాత్రల తెల్ల ప్లాస్టిక్ డబ్బా సంచిలో వేసుకుని నడిస్తే గలగలలాడుతుంది. అత్తగారు వంటింట్లో నుంచే వింటుంది. కొందరు మాత్రలను కాగితంలో చుట్టి పసుపుడబ్బా వెనక దాస్తారు. తేమ తగిలితే ఈ మందు చెడిపోతుంది, డబ్బాలోనే, అందులో ఇచ్చే తేమ పీల్చే పొట్లంతోనే ఉంచాలి. శబ్దం రాకుండా పైన కాస్త దూది కుక్కితే సరిపోతుంది. డబ్బా మీది కాగితం చింపేసినా పరవాలేదు, గడువు తేదీ మాత్రం ఎక్కడైనా రాసుకోండి. ఇదంతా కుదరదనుకునే మహిళకు అసలైన జవాబు సూదిమందు.

కాబోటెగ్రావిర్ అనే సూది పిరుదుకు వేస్తారు. మొదటి రెండూ నెల తేడాతో, తర్వాత రెండు నెలలకొకటి. అమెరికాలో 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఆఫ్రికా మహిళలతో చేసిన పరీక్షలో రోజువారీ మాత్ర ఇచ్చినవాళ్లకంటే ఈ సూది వేయించుకున్నవాళ్లలో కొత్త కేసులు దాదాపు 90 శాతం తక్కువ. ఒక చిక్కు ఉంది. మానేసినా మందు ఏడాదిదాకా కొంచెం కొంచెంగా ఒంట్లో ఉంటుంది. ఆ కొంచెం మందు కాపాడడానికి చాలదు, ఆ సమయంలో వైరస్ వస్తే మందుకు లొంగకుండా తయారవడానికి మాత్రం చాలుతుంది. అందుకే మధ్యలో మానేసేవాళ్లు మాత్రకు మారాలి.

రెండోది లెనాకాపావిర్. ఆరు నెలలకొకసారి పొట్ట చర్మం కింద రెండు సూదులు, మొదలుపెట్టిన రెండు రోజులు మాత్రలు. దక్షిణాఫ్రికా, ఉగాండాలో 2,134 మంది యువతులకు ఇస్తే ఒక్కరికీ హెచ్ఐవీ రాలేదు. 2024లో ఆ ఫలితం విని ఈ రంగంలోనివాళ్లు లేచి నిలబడ్డారు. అమెరికా 2025 జూన్‌లో అనుమతిచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జూలైలో సిఫారసు చేసింది. అమెరికాలో దీని ధర ఏడాదికి 28,000 డాలర్ల పైమాట. ఇదే మందును చౌకగా తయారుచేసే లైసెన్సు 2024 అక్టోబరులో ఆరు కంపెనీలకు దక్కింది. వాటిలో రెండు హైదరాబాద్‌వే, హెటెరో, డాక్టర్ రెడ్డీస్. 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. దోర్నాల కుర్రాడు కూలికి వెళ్లే ఊరి కంపెనీలే తయారుచేసే మందు, దోర్నాలకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ప్రభుత్వాన్ని అడగాల్సిన ప్రశ్న. టీబీ మందు రిఫాంపిసిన్‌కూ ఈ రెండు సూదులకూ పడదు, అది గుర్తుంచుకోండి. యోనిలో నెలరోజులు ఉంచుకునే డాపివిరిన్ రింగ్ అని ఇంకోటి ఉంది. మన దగ్గర దొరకదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ఈ లెక్కన దోర్నాలలో ఈ రోజు చేతికి అందేది రోజువారీ మాత్రే. ఏఆర్‌టీలా ఇది అన్ని ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా దొరకదు. చాలాచోట్ల చీటీ మీద కొనుక్కోవాల్సిందే. ఎమ్‌ట్రిసిటాబిన్ బదులు లామివుడిన్ ఉన్నా రెండూ ఒకటే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది కాబట్టి, ఏది చౌకో డాక్టరును అడగండి. ఇంకా మెరుగైన సూది వస్తుందని దాని కోసం ఆగడం మాత్రం వద్దు. రాబోయే సూది ఈ ఏటి ముప్పును ఆపదు.

డాక్టరు దగ్గర

మార్కాపురంలో తెలిసిన ముఖాలు ఎదురవుతాయని భయమా? ఒంగోలుకు వెళ్లండి, హైదరాబాద్ పనిలో ఉన్నప్పుడే అక్కడ చూపించుకోండి. ఐసీటీసీలో పరీక్షకు ఏ ఊరివారన్న నియమం లేదు. మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, హెచ్ఐవీ చట్టం చెప్పేది అదే. హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్లే నడిపే మిత్ర్ క్లినిక్ 2021లో మొదలైంది. 2025లో అమెరికా నిధులు ఆగిపోయి మూతపడి, తర్వాత సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఇలాంటివి మూతపడుతుంటాయి, తెరుచుకుంటుంటాయి కాబట్టి చేతిలో ఎప్పుడూ నెలరోజుల మందు మిగులు ఉంచుకోండి.

వెళ్లేముందు చీటీ మీద ఈ నాలుగు రాసుకుని వెళ్లండి: హెచ్ఐవీ, క్రియాటినిన్, హెపటైటిస్-బి, సుఖవ్యాధులు. హెచ్ఐవీ పరీక్ష లేకుండా ప్రెప్ మొదలుపెట్టకూడదు. గడిచిన నెలలో జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు కలిసి వచ్చి ఉంటే చెప్పండి. అది కొత్తగా సోకిన హెచ్ఐవీ కావచ్చు, అప్పుడు పరీక్ష మళ్లీ చేయాలి. ఒంట్లో వైరస్ ఉండగా రెండే మందులున్న ప్రెప్ వేస్తే వైరస్ మందుకు లొంగకుండా పోతుంది. ప్రతి మూడు నెలలకూ మళ్లీ పరీక్ష. మొదటి రెండు వారాలు వికారం, కడుపులో తిప్పడం, తలనొప్పి ఉండొచ్చు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, రెండు కలిపి మింగకండి.

సిఫిలిస్, గనేరియా, గర్భం వీటిని ఏ ప్రెప్ ఆపదు. వాటికి కండోమే దిక్కు.

ముప్పు ఉన్నన్నాళ్లే ప్రెప్. లారీ పని మానేస్తే, వలస అయిపోయి ఇంటికి తిరిగొస్తే, భాగస్వామి వైరస్ అణిగితే, పరీక్ష చేయించుకుని ఆపండి. మళ్లీ అవసరమైతే మళ్లీ మొదలుపెట్టండి. నడివయసులో పెళ్లయి స్థిరపడినవాడు పాత భయంతో ఇంకా మాత్ర మింగుతూ ఉంటే అది జాగ్రత్త కాదు, మూత్రపిండాలకు అనవసర భారం.

ఏ దారి మీదో ఇంకా తేలకపోతే 1097కు ఫోన్ చేయండి. నాకో నడిపే ఉచిత నంబరు. తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు. దగ్గరలో పరీక్ష ఎక్కడ, మందు ఎక్కడ అన్నది వాళ్లే చెబుతారు. ఈ పేజీ తిప్పేలోపు ఆ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఇంట్లోవాళ్లు చూస్తారనుకుంటే మెకానిక్ అని పేరు పెట్టుకున్నా సరే.